తమ్ముడి గండుచీమలు

మా అమ్మ అయిదేళ్ళ పాటు బెంగుళూరు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. సొంత అన్న కూతురి పెళ్ళికి వెళ్ళలేదు. హిందూపురంలో మేనత్త పోతే చివరి చూపుకు కూడా వెళ్ళలేదు. ఎందుకు రాలేదని అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పులని చెప్పేది. అసలు కారణం చీమలు. ఆ సంగతి బంధువులకు చెబితే నవ్వుతారో జాలిపడతారో తెలియక నేనూ మోకాళ్ళ నొప్పులకే వంత పాడేదాన్ని.

ఆ చీమలు నా తమ్ముడివి. వాడు నాకంటే ఆరేళ్ళు చిన్న. మేం చదువుకునే రోజుల్లోనే నాన్న పోవడంతో మడివాళలో ఒక వఠారంలో రెండు గదుల ఇల్లు తీసుకుని ముగ్గురం ఉండేవాళ్ళం. ఆ వఠారంలో ఆరు ఇళ్ళు, అందరికీ ఒకటే కుళాయి, మధ్యలో ఇరుకు వాకిలి. నేను బడిలో టీచరుగా చేరాను. తమ్ముడు డిప్లొమా అయ్యాక ఆనేకల్ దగ్గర ఒక రంగుల ఫ్యాక్టరీలో, సరుకు పరీక్ష చేసే గదిలో పనికి కుదిరాడు.

తొంభైల నడుమ ఒక మే నెల సాయంత్రం తొలి వాన పడి వెలిసింది. పోయిన కరెంటు వచ్చి ట్యూబులైటు వెలగగానే ఎక్కడెక్కడి రెక్కల పురుగులూ వాకిట్లోకొచ్చి పడ్డాయి. అందరం గబగబా తలుపులు వేసుకుంటుంటే వీడు మాత్రం తడి నేల మీద మోకాళ్ళూని ఏదో వెతుకుతున్నాడు. చివరికి వేలి కణుపంత నల్లటి చీమనొకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చాడు. అది తన రెక్కలు తనే తుంచేసుకుందట. ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న సన్నటి గాజు గొట్టంలో అడుగున నీళ్ళు పోసి, దూది కుక్కి, ఆ పైన దాన్ని వదిలి, మూతిలో ఇంకో దూది ఉండ పెట్టాడు.

"ఇది రాణి చీమక్కా. దీని కడుపులో ఒక ఊరే ఉండాది" అన్నాడు.

దానికి చీకటి కావాలని, ఆ గొట్టాన్ని నా నల్ల జాకెట్టు గుడ్డలో చుట్టి బీరువాలో నా చీరల మధ్య దాచాడు. నేను మనిషిని మంచిదాన్నే గానీ నా నోరు మంచిది కాదు. ఒక సోమవారం పొద్దున బడికి టైమవుతుంటే జాకెట్టు కోసం చెయ్యి పెట్టినప్పుడు ఆ గొట్టం బయటపడింది. ఆ రోజు నేను వాణ్ణి తిట్టిన తిట్లు కుళాయి దగ్గర నెల రోజులు చెప్పుకున్నారు. వాడు మాత్రం నవ్వుతూ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూపించాడు. లోపల ఆవగింజలకంటే చిన్న గుడ్లు తెల్లగా కుప్పగా ఉన్నాయి.

అమ్మకు ఇదంతా వింతగా ఉండేది. ఆమె జీవితమంతా చీమల మీద యుద్ధమే. చక్కెర డబ్బాను నీళ్ళు పోసిన పళ్ళెంలో నిలబెట్టేది. బెల్లం ఉట్టిలో పెట్టేది. ఇంట్లో ఉన్నవి చాలవని కొత్తగా తెచ్చి పెంచుతావా అని వాణ్ణి అడిగేది. ఏడాది తిరిగేసరికి గొట్టం చాలక వాడు ఒక గాజు పెట్టె చేశాడు. అడుగున తెల్లటి ప్లాస్టరు పోసి, అందులో సన్నటి దారులు తొలిచి, పైన ఇత్తడి జాలీ మూత పెట్టాడు. చీమలు గోడ ఎక్కి బయటకు రాకుండా పైఅంచున ఒంటికి రాసుకునే పౌడరు పూశాడు. ఆ పౌడరు నాది.

ఆ పెట్టె ముందు వాడు పీట వేసుకుని కూర్చుంటే అన్నానికి లేపడం కష్టమయ్యేది. ఒకరోజు అమ్మను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బయటికొచ్చిన చీమ ఒకటి చక్కెర నీళ్ళు తాగి లోపలికి వెళ్ళి, ఎదురొచ్చినదాని నోట్లో నోరు పెట్టి తాగినదాన్ని పంచడం చూపించాడు. అది ఇంకొకదానికి, అది మరొకదానికి, అలా చివరికి రాణికి. అమ్మ చాలాసేపు చూసింది. ఆ రోజు నుంచి ఆమె వాటిని తిట్టడం మానేసింది.

తర్వాత వాణ్ణి ఫ్యాక్టరీవాళ్ళు శిక్షణకని పూణె పంపారు. వెళ్తూ వెళ్తూ అమ్మకు మరీ మరీ చెప్పాడు, పెట్టెలో పెట్టిన గొట్టంలో నీళ్ళున్నాయి, పది రోజులు మేత లేకపోయినా వాటికేమీ కాదు, మూత ముట్టుకోవద్దు అని. అమ్మ తలూపింది. వాడు వీధి మలుపు తిరిగాడో లేదో, కడుపున్న ప్రాణి పది దినాలు కూడు లేకుండా ఎట్ల ఉంటాదని నాతో వాదన పెట్టుకుంది. వాడు తిరిగొచ్చేసరికి పెట్టె నిండా ఉడికిన గుడ్డు ముక్కలు, ఉప్మా రవ్వ, అరటిపండు ముక్క, అన్నిటి మీదా బూజు. వాడు తలపట్టుకుని, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎంత పెట్టాలో, ఎలా పెట్టాలో ఆ రోజు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. నువ్వుగింజంత గుడ్డు సొన, అగ్గిపుల్లకు చుట్టిన దూదితో ఒక బొట్టు చక్కెర నీళ్ళు. వారానికి రెండుసార్లు చాలన్నాడు.

ఆ తర్వాతి వానాకాలంలో ఫ్యాక్టరీ నుంచి బండి మీద వస్తూ హోసూరు రోడ్డులో లారీ కింద పడ్డాడు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను.

పెద్ద కర్మ నాడు ఇంటి నిండా చుట్టాలు. పనులన్నీ మా మేనమామే చేశాడు. అమ్మ కనిపించడం లేదని వెతికితే లోపలి గదిలో ఆ పెట్టె ముందు పీట వేసుకుని, అగ్గిపుల్లకు దూది చుట్టి చక్కెర నీళ్ళు పెడుతోంది. కళ్ళలో చుక్క నీరు లేదు. వాటికి పది దినాలుగా ఎవరూ ఏమీ పెట్టలేదే, నీకన్నా గుర్తు లేదా, అని నన్ను కోప్పడింది.

అప్పట్నుంచి అమ్మ పొద్దు అదే. లేచి ముఖం కడుక్కుని కాఫీ కంటే ముందు చక్కెర నీళ్ళు కలిపేది. వాడు వారానికి రెండుసార్లు చాలన్నా, ఆమె రోజూ పెట్టేది, కాకపోతే వాడు చెప్పినంత కొలతే. దోమల బ్యాటు కొత్తగా వచ్చిన రోజులవి. సాయంత్రం ఆ బ్యాటు పట్టుకుని ఇంట్లో దోమలన్నీ కొట్టి, వాటిని ఒక్కొక్కటిగా కాగితం మీదికి ఎత్తి తీసుకెళ్ళి వేసేది. దోమలు దొరకని చలికాలంలో వఠారంలో పక్కవాళ్ళ ఇళ్ళకు కూడా బ్యాటు పట్టుకెళ్ళేది. చూసి నవ్వినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ తలుపులు తీసేవాళ్ళు.

వాడి గురించి మాట్లాడేటప్పుడు అమ్మ ఎప్పుడూ 'పోయాడు' అనేది కాదు. వాడికి ఇది ఇష్టం, వాడికి అది పడదు, వాడి చీమలు. ఇంట్లో పండగలు చేయడం మానేసింది. వాడికి దీపం పెట్టలేదు, తద్దినానికి మామ ఎదుటి కిరాణా కొట్టుకు ఫోన్ చేస్తే కాలెండరులో చూసి చెబుతానని పెట్టేసేది. నాకు అర్థమయ్యేది, అర్థమైన కొద్దీ ఒళ్ళు మండేది కూడా. తమ్ముడు పోయిన బాధ నాకు లేదా? నేను రోజూ బడికెళ్ళి ముప్పై మంది పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుని వస్తున్నాను కదా. ఒకసారి మామ కూతురి పెళ్ళి విషయంలో గొడవపడి, చీమల కోసం మనుషుల్ని వదులుకుంటావా అని గట్టిగానే అడిగాను.

అమ్మ గొంతు పెంచలేదు. "ఆ రాణి చీమను వాడు చేత్తో పట్టినాడు. వాడు ముట్టిన వాటిల్లో ఊపిరుండేది అదొక్కటే. దాన్ని విడిచిపెట్టి నేను యాడికి పోయేది?" అంది.

తమ్ముడు పుస్తకంలో చదివి చెప్పేవాడు, గండుచీమల రాణి పది పన్నెండేళ్ళు కూడా బతుకుతుందని. ఆ మాట అమ్మ మనసులో నాటుకుపోయింది. అది బతికినన్నాళ్ళు ఆమెకూ ఒక పని ఉంది.

అయిదో ఏడు అమ్మకు రక్తపోటు బాగా పెరిగింది. డాక్టరు మందులిస్తూనే, ఈమెను నాలుగు గోడల మధ్య నుంచి బయటికి తీసుకెళ్ళండి అని నాతో విడిగా చెప్పాడు. దసరా సెలవుల్లో మా బడి టీచర్లందరూ బస్సు మాట్లాడుకుని ఉడిపి వైపు వెళ్తున్నారు. అమ్మ పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. అడిగితే ససేమిరా అంది. వారం రోజులు వాటికి కూడు ఎవరు పెడతారని అదే పాట. తమ్ముడే పది రోజులు అక్కర్లేదన్నాడు కదమ్మా అంటే, వాడు చిన్నపిల్లోడు, వాడికేం తెలుసంది.

చివరికి ఆమెను ఒప్పించింది మా పక్కింటి పెద్దమ్మ. వాళ్ళు మూడు తరాల కిందటే బెంగుళూరు చేరిన తెలుగువాళ్ళు. పొద్దున్నే మార్కెట్టుకెళ్ళి విడిపూలు తెచ్చి, వాకిట్లో కూర్చుని మాలలు కట్టి తూకానికీ మూరకూ అమ్మేది. కళ్ళలో పొరలు వచ్చినా వేళ్ళు మాత్రం వాటంతటవే అల్లుకుపోయేవి. తమ్ముడంటే ఆమెకు ప్రాణం. తెల్లవారుజామున ఆమె పూలబుట్ట బరువుగా ఉంటే వాడే బండి మీద పెట్టుకుని బస్టాపు దాకా దింపేవాడు. రాగిముద్ద చేసిన రోజు వాడి వాటా పక్కన తీసి పెట్టేది. అమ్మ సముద్రానికి రానందని విని ఆమే వచ్చి, నువ్వేమీ బేజారు చేసుకోవద్దు చెల్లీ, అబ్బయ్య చీమల్ని నేను చూసుకోనా అని చెయ్యి పట్టుకుంది.

వెళ్ళే ముందు వారమంతా అమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది, అచ్చం తమ్ముడు తనకు నేర్పినట్టే. చక్కెర నీళ్ళు ఎంత, సొన ఎంత, మూత ఎలా తీయాలి, ఎలా వేయాలి. నేను నా వంతు జాగ్రత్తలు చెప్పాను. దోమల చక్రం ఆ గదిలో వెలిగించొద్దు, ఫినాయిల్ చల్లొద్దు, బల్లి రాకుండా కిటికీ మూసి ఉంచాలి, ఎలుకల మందు ఆ చుట్టుపక్కల పెట్టొద్దు, వఠారం పిల్లల్ని లోపలికి రానివ్వొద్దు. పెద్దమ్మ ప్రతిదానికీ తలూపింది. మాకు తట్టిన అపాయాలన్నీ చెప్పేశాం. పండగ సంగతి మాత్రం ఇద్దరికీ గుర్తు రాలేదు. మా ఇంట్లో పండగ జరిగి అయిదేళ్ళయింది మరి.

బస్సు బయల్దేరాక కూడా అమ్మ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. హాసన్ దాకా ముళ్ళ మీద కూర్చున్నట్టే కూర్చుంది. బస్సు ఆగిన చోటల్లా ఫోన్ బూత్ వెతుక్కునేది. మా వఠారం ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు ఫోన్ చేస్తే ఆ కొట్టతను పెద్దమ్మను పిలిచేవాడు. బాగుండాయి చెల్లీ, అన్నీ తింటా ఉండాయి, నువ్వు దేవుణ్ణి చూసుకోని నిమ్మళంగా రా అనేది ఆవిడ. అమ్మ నా వైపు తిరిగి, తింటా ఉండాయంట అని చెప్పేది, నేనూ విన్నాననే సంగతి మర్చిపోయి.

ఉడిపిలో దర్శనమయ్యాక మల్పె తీరానికి తీసుకెళ్ళారు. అమ్మ మొదట ఇసుకలో దూరంగా నిలబడింది. మా తోటి టీచర్లు చెయ్యి పట్టి లాగితే చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని రెండడుగులు వేసింది. ఒక అల వచ్చి మోకాళ్ళ దాకా తడిపి వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకను లాక్కుపోయింది. అమ్మ పడబోయి నన్ను పట్టుకుని నవ్వింది. పళ్ళన్నీ కనబడేలా, నీళ్ళ చప్పుడులో కూడా వినబడేలా నవ్వింది. నేను అయిదేళ్ళుగా ఆ నవ్వు కోసం ఎదురు చూస్తున్నానని ఆ క్షణం దాకా నాకే తెలియదు. చీకటి పడుతున్నా అక్కడి నుంచి కదలనంది. బట్టలు మార్చుకుని భోజనాలు చేసి పడుకోబోతుంటే, ఈ దినం ఫోన్ చేసేదే మర్చిపోతినే అంది. ఏం కాదులే, రేపు చేద్దువుగాని అన్నాను. నాకు నిజానికి సంతోషం కలిగింది, ఒక రోజైనా మర్చిపోయిందని.

అది ఆయుధపూజ రోజు.

మరునాడు ఫోన్ చేస్తే పెద్దమ్మ ఎప్పటిలాగే బాగుండాయంది. మేం తిరిగొచ్చేసరికి పండగ ముగిసింది. వఠారం గేటు ముందు పగలగొట్టిన బూడిదగుమ్మడికాయ ముక్కలు, కుంకుమ నీళ్ళ మరకలు అలాగే ఉన్నాయి. ఆటోలకు కట్టిన అరటిపిలకలు వాడిపోయి వేలాడుతున్నాయి. పెద్దమ్మ మా ఇంటి తాళం తీసి ముందు నడిచింది. గడపలో అడుగు పెట్టగానే సాంబ్రాణి, కర్పూరం వాసన గుప్పున కొట్టింది. నాకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. ఇంటికి పండగ వాసన వచ్చి ఎన్నాళ్ళయిందో అనుకున్నాను.

లోపలి గదిలో పెట్టె చుట్టూ పసుపు సేవంతుల దండ ఉంది. నాలుగు గాజు గోడల మీదా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఇత్తడి జాలీ మూత సందులన్నీ పసుపు ముద్దతో పూడిపోయాయి. దాని మీద కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు, పక్కన ఆకులో బొరుగులు, బెల్లం. లోపల, చీమలు మేతకు వచ్చే చోట, తమలపాకు మీద కర్పూరం కాలిన మసి.

పెద్దమ్మ ముఖం వెలిగిపోతోంది. "అందరి సామాన్లకీ పూజ అయింది చెల్లీ. ఆటోలకయింది, నా తక్కెడకయింది, కడాకు కుళాయి పంపుకు కూడా అయింది. అబ్బయ్యది మాత్రం ఒంటిగా ఊరికే ఉండాది. నాకు మనసొప్పలేదు. తలకు పోసుకోనొచ్చి నేనే చేస్తిని. సాంబ్రాణి లోపలికి బాగా పట్టల్లని మూత తీసి పొగ వేసి, పోకుండా మళ్ళీ మూస్తిని. అప్పట్నుంచి బుద్ధిగా లోపలే ఉండాయి" అంది.

అమ్మ వంగి గాజుకు ముఖం ఆనించి చూసింది. పసుపు మరకల మధ్య సందులోంచి నేనూ చూశాను. పొగ తగలని మూల ఒకటి వెతుక్కున్నట్టున్నాయి. అన్నీ అక్కడికే చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, కాళ్ళు ముడుచుకుని నల్లగా కుప్ప పడి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. పెద్దమ్మ కళ్ళకు అది నిద్రలాగే కనబడి ఉంటుంది. నాకు మాత్రం నోరు లేచింది. కానీ అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

"బాగా చేసినావక్కా" అంది పెద్దమ్మతో.

తర్వాత సంచీ విప్పి, ఉడిపిలో ఆమె కోసం కొన్న ఆకుపచ్చ నేతచీర తీసి, బొట్టు పెట్టి చేతికిచ్చింది. పెద్దమ్మ ఆ చీరను కళ్ళకద్దుకుని, ప్రయాణం చేసొచ్చారు, కాళ్ళు చాపుకోండి, కాఫీ పంపిస్తానని వెళ్ళిపోయింది.

తలుపు మూసి అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆమెకు చెప్పాల్సిందే, చెప్పకుండా నేనుండలేను, అన్నిటినీ చంపేసి నవ్వుకుంటూ పోతే చీర పెడతావా అని అరిచాను. అమ్మ పీట లాక్కుని కూర్చుంది.

"చంపలేదు, పూజ చేసింది" అంది. "అయిదేండ్లాయె వాడు పోయి. ఒక్క దినమన్నా నేను వాడికి దీపం పెట్టినానా? పెడితే పోయినాడని ఒప్పుకున్నట్లని పెట్టలేదు. ఆయమ్మ పెట్టింది. ఆయమ్మకు ఒక్క మాట చెప్పినావంటే నా మీద ఒట్టే."

అమ్మ నోట ఆ 'పోయి' అన్న మాట వినడం నాకదే మొదటిసారి.

మూత తీసి, కోడి ఈకతో అమ్మ ఒక్కో చీమనూ ఎత్తి కాగితం మీద పెట్టడం మొదలుపెట్టింది. నేను సాయం చేయబోతే వద్దంది. పైవి ఒట్టి పొట్టులా రాలి వచ్చాయి. అడుగుకు వెళ్ళేకొద్దీ ఒకదాని కాలు ఒకటి పట్టుకుని ఉన్నాయి. అన్నిటి కింద రాణి ఉంది. దాని ఒళ్ళు కనబడకుండా చుట్టూ కప్పుకుని ఉన్నాయి. అదీ పోయింది. అమ్మ దాన్ని ఈకతో ఎత్తలేదు. తమ్ముడు ఆ వాన సాయంత్రం పట్టుకున్నట్టే రెండు వేళ్ళతో తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఇన్ని ఉండి కూడా దీన్ని కాపాడుకోలేకపాయెనే" అంది.

అప్పుడు ఏడ్చింది. కొడుకును ఇంట్లోంచి తీసుకెళ్ళిన రోజు ఏడవని ఏడుపంతా ఆ పీట మీద కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాను, నా ఏడుపు నేను ఏడ్చాను. వఠారం గోడలు ఎంత లావని, వినబడకుండా ఉండడానికి. కాఫీ గ్లాసులు పట్టుకుని పెద్దమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. అమ్మ కాగితాన్ని పవిట చెంగు కింద కప్పేసింది.

ఏమైంది చెల్లీ అని పెద్దమ్మ అడిగితే, కొడుకు గుర్తొచ్చినాడక్కా అంది అమ్మ. పెద్దమ్మ గ్లాసులు కింద పెట్టి, అమ్మను గుండెలకు హత్తుకుని తనూ ఏడ్చింది. రాగిముద్దకు వాడి వాటా తీసి పెట్టేది చెప్పింది, బండి మీద పూలబుట్ట పెట్టుకున్నది చెప్పింది. అంత ప్రేమగా ఓదార్చే మనిషి మీద నాకు అంత కోపం ఉండడం నరకంలా అనిపించింది. ఆ కోపం ఆమె ఉన్నన్నాళ్ళూ పూర్తిగా పోలేదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. ప్రేమ ఉంటే సరిపోదు, అడగాలి కదా అని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఒక్క మాట కూడా ఆమెకు చెప్పలేదు.

అమ్మ పెట్టెను కడిగి, పసుపు తుడిచి, నల్లగుడ్డ కప్పి అదే చోట ఉంచింది. పెద్దమ్మ అడిగినప్పుడల్లా వెలుతురు పడక లోపలే ఉంటా ఉండాయని చెప్పేది. పూజ చేసినాక బాగా పెరిగినాయి కదా అని పెద్దమ్మ అంటే, అవునక్కా, బాగా పెరిగినాయి అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. నేను మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

కష్టమంతా పొద్దుటి పూటలదే. అమ్మకు మెలకువ అదే సమయానికి వచ్చేది. లేచి ముఖం కడుక్కుని వంటింటి గట్టు దగ్గర నిలబడేది. కాఫీ పెట్టుకోమ్మా అని నేను పక్క మీద నుంచే అనేదాన్ని. ఒకరోజు అక్కడే నిలబడి, లేసి ఏం చేయల్లనో తెలీట్లేదే నాకు అంది, చిన్నపిల్లలా. లేచి వెళ్ళి స్టవ్ నేనే వెలిగించాను.

కార్తీకం వచ్చాక ఒక ఆదివారం అమ్మ చీర మార్చుకుని వచ్చి, నగర్తపేటకు పోదాం పద అంది. చేతిలో తమ్ముడి ఫోటో ఉంది. ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు కోసం తీయించుకున్నది, దాన్ని నాకు తెలియకుండా స్టూడియోలో ఇచ్చి పెద్దది చేయించింది. అప్పటిదాకా మా ఇంట్లో ఏ గోడ మీదా వాడి ఫోటో లేదు. బస్సులో ఆ ఫోటోను ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చుంది.

పటాలకు చట్రాలు కట్టే కొట్లన్నీ అక్కడ ఒకే సందులో ఉంటాయి. గోడ నిండా దేవుళ్ళు. కొట్టతను మా మాట విని తెలుగులోనే పలకరించి, బల్బు పెట్టే చట్రమా మామూలుదా అని అడిగాడు. ఎర్ర బల్బు దేవుళ్ళకూ పోయినవాళ్ళకూ మాత్రమే పెడతారు. నేను అమ్మ వైపు చూశాను. బల్బుదే కట్టమంది. అతను ఫోటో కొలుస్తూ చెయ్యి ఆపి, కాసేపు చూశాడు.

"చిన్నపిల్లోడు తల్లీ. ఎన్నేండ్లు?" అన్నాడు.

అమ్మ అన్నేళ్ళూ వాడి వయసు లెక్క పెడుతూనే వచ్చింది. వాడి పుట్టినరోజుకు పాయసం చేసి, ఇప్పుడు వాడికి ఇరవై నాలుగు, ఇప్పుడు ఇరవై అయిదు అని నాకు గిన్నె అందించేది. ఆ ఏడు వేసవిలో ఇరవై ఏడని చెప్పి, వాడి ఈడు పిల్లలందరికీ పెళ్ళిళ్ళయిపోయాయని కూడా అంది. ఇప్పుడు కూడా అదే చెబుతుందని, కొట్టతనికి నేనే ఏదో సర్దిచెప్పాలని నోరు తెరిచాను.

అమ్మ ఫోటో వైపు చూస్తూ, "ఇరవై రెండు" అంది.